మొదటి కమిట్ కంటే ముందు: కొత్తవాళ్ళకు గిట్ సెట్టింగులు

"అన్నా, కోడ్ నేనే రాసిన. కానీ పేరు వేరేటోళ్ళది పడ్డది."

హనుమకొండలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదివే ఒక చెల్లె, వైవా అయిన సాయంత్రం ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర రోజూ ఎంత పలికిందో చూపించే మినీ ప్రాజెక్టు. నలుగురి టీమ్. రెండు నెలలు ల్యాబ్‌లో కూర్చుని పని చేసింది. తీరా వైవాలో సార్ గిట్‌లో, అంటే కోడ్‌ను ఎవరు ఎప్పుడు ఎలా మార్చారో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో, హిస్టరీ తెరిస్తే ఆమె కమిట్లన్నీ (కమిట్ అంటే పేరుతో సహా దాచుకున్న ఒక మార్పు) ఎప్పుడో ఆ కంప్యూటర్ వాడి వెళ్ళిపోయిన సీనియర్ పేరు మీద ఉన్నాయి. గిట్ తప్పేమీ లేదు. ఆ లాగిన్‌లో ఎవరి పేరు రాసి ఉందో ఆ పేరే వేసుకుంటూ పోయింది.

నేను మడికొండ వైపు ఉద్యోగం చేస్తాను. ఆదివారాలు నా దగ్గరికి నలుగురైదుగురు పిల్లలు వస్తారు. నర్సంపేట నుంచి ఒకరు, మంచిర్యాల నుంచి రైలెక్కి కాజీపేటలో దిగేవాళ్ళు ఇద్దరు. ఆ ఫోన్ తర్వాత పద్ధతి మార్చాను. కమిట్ అంటే ఏంటి, బ్రాంచ్ అంటే ఏంటి అని మొదలుపెట్టే ముందే సెట్టింగులు పెట్టిస్తున్నాను. ఏవి పెట్టాలో తేల్చుకోవడానికి నాది ఒకటే లెక్క: అనుమానం ఉన్నచోట గిట్ తనకు తోచింది చేసేయకూడదు, ఆగి అడగాలి. పని తెలిసినవాళ్ళకు ఆ ఆగడం విసుగు. కొత్తవాళ్ళకు మాత్రం కాపలా.

గిట్ తనంతట తాను అలా ఎందుకు ఉండదు అంటే, అది మన కోసం పుట్టలేదు. 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం దాన్ని మొదలుపెట్టాడు. అప్పటి వాడకందారులంతా ఏళ్ళ తరబడి టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల తెరలో, బతికినవాళ్ళు. ఆ అలవాట్లే డిఫాల్ట్‌లుగా మిగిలాయి. వాటిని మారిస్తే పాత స్క్రిప్టులు పగులుతాయి కాబట్టి మార్పు నెమ్మదిగా వస్తుంది. ఉదాహరణకు ఒక్క పుష్ కొడితే (మన కమిట్లను సర్వర్‌కు పంపడమే పుష్) పేరు కలిసిన బ్రాంచ్‌లన్నీ, అంటే పనిలోని విడివిడి దారులన్నీ, సర్వర్‌కు వెళ్ళిపోయే పాత పద్ధతి 2014లో గిట్ 2.0 వచ్చేదాకా పోలేదు.

ఒక గమనిక. ఆదేశాలను ఇక్కడ నోటితో చదివినట్టు తెలుగులో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. సెట్టింగ్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాను గిట్ పట్టించుకోదు.

అడుగు 1: ముందు ఏముందో చూడండి

కొత్త సెట్టింగ్ పెట్టడానికి ముందు పాతవి చూడాలి. మొదట వెర్షన్:

గిట్ --వెర్షన్

2.37 లేదా ఆపైన ఉంటే కింద చెప్పినవన్నీ పనిచేస్తాయి. విండోస్‌లో పాతది ఉంటే "గిట్ అప్‌డేట్-గిట్-ఫర్-విండోస్" అని కొడితే అదే కొత్తది తెచ్చుకుంటుంది. తర్వాత:

గిట్ కాన్ఫిగ్ --లిస్ట్ --షో-ఆరిజిన్

ఏ సెట్టింగ్ ఏ ఫైల్ నుంచి వచ్చిందో వరసగా చూపిస్తుంది. మూడు అంతస్తులు అనుకోండి. సిస్టమ్ అంటే ఆ కంప్యూటర్ మొత్తానికి. గ్లోబల్ అంటే ఆ లాగిన్‌కు. లోకల్ అంటే ఆ ఒక్క ప్రాజెక్టు ఫోల్డర్‌కు. మూడింట్లో వేర్వేరుగా ఉంటే లోకల్ మాటే చెల్లుతుంది, తర్వాత గ్లోబల్, చివరన సిస్టమ్. ఈ జాబితాలో తెలియని పేరో మెయిలో కనిపించిందంటే, ఫోన్ చేసిన చెల్లె కష్టం మీకూ రాబోతోందన్నమాట.

అడుగు 2: మీ పేరు, మీ మెయిల్

సొంత ల్యాప్‌టాప్ అయితే సులువు:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.నేమ్ "మీ పేరు"
గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.ఈమెయిల్ "మీ మెయిల్"

మెయిల్ విషయంలో కాసేపు ఆలోచించండి. అది ప్రతి కమిట్‌లోనూ అచ్చయి ఉంటుంది. రిపో, అంటే గిట్ కాపాడే ప్రాజెక్టు, అందరికీ కనిపించేదైతే మెయిల్ కూడా అందరికీ కనిపిస్తుంది, తర్వాత తుడిపేయాలంటే హిస్టరీ మొత్తం తిరగరాయాలి. రిపోలను నెట్‌లో దాచుకునే గిట్‌హబ్ సైట్ వాడేవాళ్ళకు మార్గం ఉంది. అక్కడి ఈమెయిల్ సెట్టింగుల్లో మెయిల్‌ను ప్రైవేట్‌గా ఉంచమని టిక్ పెడితే, నోరిప్లై అనే మాటతో ఒక చిరునామా ఇస్తుంది. దాన్నే ఇక్కడ పెట్టండి. కమిట్లు మీ ఖాతాకే లెక్కవుతాయి, అసలు మెయిల్ బయటపడదు. ఆడపిల్లలకు ఇది మరీ గట్టిగా చెప్తాను.

ల్యాబ్ కంప్యూటర్ అయితే కథ వేరు. ఒకే లాగిన్ మీద పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం ఇంకో బ్యాచ్. అక్కడ గ్లోబల్‌లో ఎవరి పేరూ ఉండకూడదు. ల్యాబ్ చూసుకునే సార్‌ను అడిగి ఈ మూడు చేయించండి:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ --అన్‌సెట్ యూజర్.నేమ్
గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ --అన్‌సెట్ యూజర్.ఈమెయిల్
గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ యూజర్.యూజ్‌కాన్ఫిగ్‌ఓన్లీ ట్రూ

మూడోదే అసలు తాళం. అది లేకపోతే కొన్ని సిస్టమ్‌లలో, ముఖ్యంగా లినక్స్‌లో, గిట్ లాగిన్ పేరునూ కంప్యూటర్ పేరునూ కలిపి ఒక మెయిల్‌ను తానే అల్లేస్తుంది. తాళం ఉంటే, పేరూ మెయిలూ ఇచ్చేదాకా కమిట్ చేయనంటుంది. అప్పుడు విద్యార్థి తన ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్ళి, --గ్లోబల్ అన్న మాట లేకుండా పేరు, మెయిల్ పెట్టుకోవాలి. అవి ఆ ఫోల్డర్‌కే పరిమితం.

తప్పు పేరుతో ఒక్క కమిటే పడి, దాన్ని ఇంకా పుష్ చేయకపోతే "గిట్ కమిట్ --అమెండ్ --రీసెట్-ఆథర్" తో సరిదిద్దవచ్చు. అరవై పడిన తర్వాత మాత్రం నా దగ్గరికి వచ్చినా చేయగలిగేది తక్కువే.

ల్యాబ్ గురించే ఇంకొకటి. పేరు వేరు, పాస్‌వర్డ్ వేరు. గిట్‌హబ్ 2021 ఆగస్టు నుంచి టెర్మినల్‌లో మామూలు పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు, పాస్‌వర్డ్ బదులు వాడే టోకెనో ఎస్‌ఎస్‌హెచ్ తాళంచెవో కావాలి. విండోస్‌లో బ్రౌజర్ తెరుచుకుని లాగిన్ అడుగుతుంది, ఒకసారి ఇస్తే క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచుకుంటుంది. మీ తర్వాత కూర్చున్నవాళ్ళు పుష్ కొడితే మీ ఖాతాతోనే పోతుందన్నమాట. లేచే ముందు కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద గిట్‌హబ్ పేరుతో ఉన్నదాన్ని తీసేయండి. క్రెడెన్షియల్.హెల్పర్‌కు "స్టోర్" అని పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అది టోకెన్‌ను ఎవరైనా చదవగలిగే మామూలు ఫైల్‌లో రాసి పెడుతుంది.

అడుగు 3: ఎడిటర్, బ్రాంచ్ పేరు

ఇవి రెండు నిమిషాల పని. కమిట్ సందేశం ఇవ్వడం మర్చిపోతే గిట్ ఎడిటర్ తెరుస్తుంది. చాలా చోట్ల అది విమ్. అందులోంచి బయటికి రావడం తెలియక టెర్మినల్‌నే మూసేసినవాళ్ళను లెక్కపెట్టడం మానేశాను. ఇప్పుడే ఇరుక్కుని ఉంటే: ఎస్కేప్ నొక్కి, కోలన్, క్యూ, ఆశ్చర్యార్థకం వరసగా కొట్టి ఎంటర్. తర్వాత ఇది పెట్టుకోండి:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఎడిటర్ "కోడ్ --వెయిట్"

ఇది వీఎస్ కోడ్ ఉన్నవాళ్ళకు. లేకపోతే "నోట్‌ప్యాడ్" అని రాసినా చాలు. --వెయిట్ మర్చిపోతే మీరు ఒక్క అక్షరం రాసేలోపే గిట్ సందేశం ఖాళీగా ఉందంటూ కమిట్ రద్దు చేస్తుంది.

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ ఇనిట్.డిఫాల్ట్‌బ్రాంచ్ మెయిన్

గిట్ ఇప్పటిదాకా మొదటి బ్రాంచ్‌ను మాస్టర్ అంటూ వచ్చింది, గిట్‌హబ్ 2020 అక్టోబర్ నుంచి మెయిన్ అంటోంది. రెండు పేర్లతో రెండు బ్రాంచ్‌లు పుట్టి టీమ్‌లో సగం మంది అటు, సగం మంది ఇటు పుష్ చేయకుండా ఉండటానికే ఇది.

అడుగు 4: లైన్ చివర ఏముంది?

ఒక్క లైన్ మార్చి పుష్ చేస్తే, మూడు వందల లైన్లూ మారినట్టు చూపించిందని పిల్లలు టెన్షన్ పడుతూ వస్తారు. కారణం కంటికి కనిపించదు. విండోస్‌లో ప్రతి లైన్ చివర రెండు గుర్తులు ఉంటాయి, లినక్స్‌లో, మ్యాక్‌లో ఒక్కటే. పాత టైప్‌రైటర్‌లో క్యారేజీని వెనక్కి నెట్టడం ఒక పని, కాగితాన్ని పైకి జరపడం ఇంకో పని. విండోస్ ఆ రెండింటినీ ఇప్పటికీ రాస్తుంది. టీమ్‌లో ముగ్గురు విండోస్, ఒకరు ఉబుంటు వాడితే, ఒకరు సేవ్ చేసిన ఫైల్ ఇంకొకరికి మొదటి నుంచి చివరి దాకా కొత్తగా కనిపించవచ్చు.

విండోస్ వాళ్ళు:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.ఆటోసీఆర్‌ఎల్‌ఎఫ్ ట్రూ

లినక్స్, మ్యాక్ వాళ్ళు ట్రూ బదులు "ఇన్‌పుట్" అని పెట్టాలి. గిట్ ఫర్ విండోస్ పెట్టేటప్పుడు ఇన్‌స్టాలర్ ఇదే ప్రశ్న అడుగుతుంది. మొదట చూపించేది సరైనదే, మార్చకండి.

అయితే దీన్ని నేను పూర్తిగా నమ్మను. ఇది ఎవరి కంప్యూటర్‌లో వాళ్ళు పెట్టుకోవాల్సింది, నలుగురిలో ఒకరు మర్చిపోతారు. అందుకే ప్రాజెక్టు ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే గిట్‌ఆట్రిబ్యూట్స్ అనే ఫైల్ పెట్టి, అందులో ఒక లైన్ రాయించండి:

* టెక్స్ట్=ఆటో

ఈ ఫైల్ రిపోతో పాటే వెళ్తుంది, కాబట్టి ఎవరు దింపుకున్నా అదే నియమం. షెల్ స్క్రిప్టులు ఉంటే వాటికి విడిగా "*.ఎస్‌హెచ్ ఈఓఎల్=ఎల్‌ఎఫ్" అని ఇంకో లైన్ చేర్చండి. లేకపోతే విండోస్‌లో రాసిన స్క్రిప్ట్ సర్వర్‌కు వెళ్ళాక నడవనని మొండికేస్తుంది. ప్రాజెక్టు మధ్యలో ఈ ఫైల్ చేరిస్తే, "గిట్ యాడ్ --రీనార్మలైజ్ ." కొట్టి, ఆ మార్పును విడి కమిట్‌గా పెట్టండి. మీ అసలు పనిని అందులో కలిపారంటే తర్వాత ఎవరికీ అర్థం కాదు. ఏ ఫైల్ ఏ స్థితిలో ఉందో చూడాలంటే "గిట్ ఎల్‌ఎస్-ఫైల్స్ --ఈఓఎల్".

అడుగు 5: పుల్ చేస్తే ఏం జరగాలి?

అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే. ఆఫీసులో నా పక్క సీటు ఆయనకూ నాకూ దీని మీద ఇప్పటికీ కుదరదు.

సంగతి ఇది. మీరు ఇంట్లో రెండు కమిట్లు చేశారు. ఈలోపు మీ ఫ్రెండ్ సర్వర్‌కు మూడు పుష్ చేశాడు. రెండు దారులు చీలిపోయాయి. ఇప్పుడు పుల్ కొడితే, అంటే సర్వర్‌లో ఉన్నది తెచ్చుకోమంటే, గిట్ ఏం చేయాలి? మెర్జ్ అయితే రెండు దారులనూ కలుపుతూ ఒక కొత్త కమిట్ వేస్తుంది. రీబేస్ అయితే మీ రెండింటినీ పక్కకు తీసి, ఫ్రెండ్ మూడింటి మీద మళ్ళీ కొత్తగా రాస్తుంది. ఒకప్పుడు గిట్ అడగకుండానే మెర్జ్ చేసేది. 2020లో హెచ్చరిక చూపించడం మొదలుపెట్టింది. 2021లో వచ్చిన ఒక వెర్షన్ నుంచి, మీరు ఏదీ చెప్పకపోతే ఆగిపోయి మూడు దారులు చూపిస్తుంది. పిల్లలు ఆ మూడింట్లో చేతికి అందిన లైన్‌ను కాపీ చేసి అతికిస్తారు. నలుగురి టీమ్‌లో నాలుగు రకాలు.

పక్క సీటు ఆయన రీబేస్ అంటాడు, హిస్టరీ గీత గీసినట్టు ఉంటుందని. నిజమే. కానీ రీబేస్ మధ్యలో కాన్‌ఫ్లిక్ట్ వస్తే, అంటే ఒకే లైన్‌ను ఇద్దరూ వేర్వేరుగా మార్చి ఉంటే, "మనది" అని గిట్ చూపించేది ఫ్రెండ్ కోడ్, "వాళ్ళది" అనేది మీ కోడ్. తిరగబడిన ఆ లెక్క మొదటి నెలలో ఎవరికీ తలకెక్కదు. పైగా సర్వర్‌కు అప్పటికే పంపిన కమిట్లను రీబేస్ చేస్తే, మామూలు పుష్ వెళ్ళదు. సర్వర్‌లో ఉన్నదాన్ని తోసేసి మనది పెట్టే ఫోర్స్ పుష్ అనే మాట అప్పుడే చెవిన పడుతుంది. ఎవరిదో పని ఎగిరిపోయేది అక్కడే. అందుకే కొత్తవాళ్ళకు నేను పెట్టించేది:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ పుల్.ఎఫ్‌ఎఫ్ ఓన్లీ

అర్థం ఏంటంటే, మీ వైపు కొత్త కమిట్లు లేకపోతే సర్వర్‌లో ఉన్నది తెచ్చుకో, దారులు చీలి ఉంటే ఏమీ ముట్టుకోకుండా ఆగు. ఆగినప్పుడు గిట్ ఫాస్ట్ ఫార్వర్డ్ కుదరదని చెప్తుంది. అప్పటికే సర్వర్ సమాచారం మీ కంప్యూటర్‌కు వచ్చేసి ఉంటుంది, కాబట్టి కంగారు లేదు. ఎవరేం చేశారో చూడండి (ఆరిజిన్/మెయిన్ అంటే సర్వర్‌లోని మెయిన్ బ్రాంచ్):

గిట్ లాగ్ --వన్‌లైన్ ..ఆరిజిన్/మెయిన్

చదివాక, మీ చేతులతో మీరే కలపండి:

గిట్ మెర్జ్ ఆరిజిన్/మెయిన్

ఒక ఆదేశం బదులు మూడు అయ్యాయి, ఒప్పుకుంటాను. కానీ ఆ మధ్యలోది, ఫ్రెండ్ ఏం రాశాడో చదవడం, నలుగురూ కలిసి పని చేయడంలో సగం. నాలుగైదు నెలలు గడిచాక రీబేస్ కావాలనిపిస్తే మార్చుకోండి, అడ్డు చెప్పను. ఆలోపు ఒక్క నియమం చాలు: పుల్‌కు ముందు మీ పనిని కమిట్ చేసి ఉంచండి.

అడుగు 6: పుష్

కొత్త బ్రాంచ్ తీసి పుష్ కొడితే, అప్‌స్ట్రీమ్ (సర్వర్‌లో దానికి జత బ్రాంచ్) లేదంటూ పెద్ద ఆదేశం ఒకటి కొట్టమంటుంది. అందులో నేర్చుకునేదేమీ లేదు, ఊరికే విసుగు. 2022లో వచ్చిన 2.37 నుంచి దానికి మందు ఉంది:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ పుష్.ఆటోసెటప్‌రిమోట్ ట్రూ

పుష్.డిఫాల్ట్ జోలికి వెళ్ళకండి, "సింపుల్" అనే ఇప్పటి పద్ధతి బాగుంది. పై సెట్టింగ్‌తో పాటు ఫెచ్.ప్రూన్‌ను కూడా ట్రూ చేయండి. సర్వర్‌లో తీసేసిన బ్రాంచ్‌ల పేర్లు మీ దగ్గర దయ్యాల్లా మిగిలిపోవు. మీ సొంత బ్రాంచ్‌లను అది ముట్టుకోదు.

ఫోర్స్ పుష్‌కు షార్ట్‌కట్ మాత్రం ఎప్పుడూ పెట్టుకోకండి. తప్పనిసరైతే "--ఫోర్స్-విత్-లీజ్" అని పూర్తిగా కొట్టండి. మీరు చివరిసారి చూసిన తర్వాత సర్వర్‌లో ఎవరైనా ఏదైనా పెట్టి ఉంటే అది ఆగుతుంది.

అడుగు 7: కాన్‌ఫ్లిక్ట్‌లో మూడో ముక్క

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ జెడ్‌డిఫ్3

మిర్చి ప్రాజెక్టునే తీసుకుందాం. మామూలుగా గిట్ కాన్‌ఫ్లిక్ట్‌లో రెండే ముక్కలు చూపిస్తుంది:

<<<<<<<
బరువు = బస్తాలు * 45
=======
బరువు = సంచులు * 40
>>>>>>>

ఇప్పుడు చెప్పండి, ఏది ఉంచాలి? బస్తాను సంచి అని ఎవరు మార్చారు? 40ని 45 ఎవరు చేశారు, లేక 45నే 40 చేశారా? చెప్పలేం. పై సెట్టింగ్ పెడితే మధ్యలో నిలువు గీతల కింద పాత లైన్ కూడా కనిపిస్తుంది:

|||||||
బరువు = బస్తాలు * 40

అంతే, ముడి విడిపోయింది. ఒకరు అంకె మార్చారు, ఇంకొకరు పేరు మార్చారు. రెండూ ఉండాలి: సంచులు * 45. నా వరకు ఈ మొత్తం జాబితాలో ఒక్కటే ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను. 2022 జనవరిలో వచ్చిన 2.35 నుంచి ఉంది. ల్యాబ్‌లో అంతకంటే పాతది ఉంటే చివర "డిఫ్3" అని పెట్టినా పని జరుగుతుంది.

అడుగు 8: తెలుగు ఫైల్ పేర్లు

"ధరలు" అని తెలుగులో పేరు పెట్టిన ఫైల్‌ను గిట్ స్టేటస్‌లో చూస్తే \340\260 అంటూ అంకెల వరస వస్తుంది. ఫైల్ పాడైందని దాన్ని తీసేసి, ఇంగ్లీష్ పేరు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఏమీ పాడవలేదు. ఒక్కో తెలుగు గుర్తుకు కంప్యూటర్‌లో మూడు బైట్లు పడతాయి, గిట్ వాటిని అంకెలుగా చూపిస్తోంది, అంతే.

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ కోర్.కోట్‌పాత్ ఫాల్స్

ఇక తెలుగు తెలుగులాగే కనిపిస్తుంది. కొన్ని టెర్మినళ్ళలో ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించవచ్చు. అది టెర్మినల్ లోపం, ఫైల్‌లో అంతా సవ్యంగానే ఉంటుంది. కానీ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్ తెచ్చి పెడితే ఏ సెట్టింగూ కాపాడదు. అది యూనికోడ్ కాదు, ఏం మారిందో చూపించే డిఫ్‌లో పిచ్చి గీతలే వస్తాయి. ముందు యూనికోడ్‌కు మార్చుకోండి.

అడుగు 9: పెన్‌డ్రైవ్ తకరారు

ల్యాబ్‌కూ హాస్టల్‌కూ మధ్య ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లో మోసేవాళ్ళకు, ఫోల్డర్ యజమాని ఎవరో అనుమానంగా ఉందంటూ గిట్ పని ఆపేస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఒక భద్రతా లోపం సరిచేసినప్పటి నుంచి ఇలా ఉంది. వేరేవాళ్ళ ఫోల్డర్‌లో దాచిన సెట్టింగులు మీ పేరు మీద నడవకుండా ఆపడానికే ఇది. సేఫ్.డైరెక్టరీకి నక్షత్రం గుర్తు పెడితే అన్నీ పనిచేస్తాయని చాలామంది చెప్తారు. ఊరి తలుపులన్నీ తీసిపెట్టినట్టే అది. ఆ ఒక్క ఫోల్డర్ దారి రాయండి:

గిట్ కాన్ఫిగ్ --గ్లోబల్ --యాడ్ సేఫ్.డైరెక్టరీ "ఫోల్డర్ దారి"

మోసే అవసరమే లేకుండా సర్వర్‌కు పుష్ చేసి, అక్కడ దింపుకోవడం ఇంకా మేలు.

పెట్టకూడనివి

ఎవరో అనుభవజ్ఞుడి నలభై లైన్ల సెట్టింగుల ఫైల్‌ను యథాతథంగా దించుకోవద్దు. అందులో మూడక్షరాల షార్ట్‌కట్లు ఉంటాయి. అవే అలవాటైతే ల్యాబ్ పరీక్షలో అసలు ఆదేశం గుర్తురాదు. రెరెరె అనేది కాన్‌ఫ్లిక్ట్‌ను మీరు ఎలా తీర్చారో గుర్తుపెట్టుకుని మళ్ళీ అలాగే తీరుస్తుంది. మీరు తప్పుగా తీర్చి ఉంటే ఆ తప్పునే తిప్పి వేస్తుంది. హెల్ప్.ఆటోకరెక్ట్‌కు అంకె ఇస్తే, మీరు తప్పు కొట్టిన ఆదేశాన్ని గిట్ తానే ఊహించి నడిపేస్తుంది. మనం వద్దనుకున్నదే అది.

చివరగా ఒక ఉత్తుత్తి గొడవ

ఇవన్నీ పెట్టాక నిజం ప్రాజెక్టు మీద కాకుండా ఉత్తిదాని మీద పరీక్షించండి. గిట్‌హబ్‌లో ఒక ఖాళీ రిపో తీసి, ఒకే కంప్యూటర్‌లో రెండు ఫోల్డర్లలోకి దింపండి. ఒకటి మీరు, ఇంకోటి ఫ్రెండ్ అనుకోండి. మొదటి ఫోల్డర్‌లో ఒక లైన్ రాసి పుష్ చేసి, రెండో దాంట్లోకి పుల్ చేయండి. తర్వాత రెండింట్లోనూ అదే లైన్‌ను రెండు రకాలుగా మార్చి కమిట్ చేసి, మొదటిది పుష్ చేయండి. ఇప్పుడు రెండో ఫోల్డర్‌లో పుల్ కొడితే అది ఆగాలి. ఆగకపోతే అడుగు 5 మళ్ళీ చూడండి. మెర్జ్ కొడితే మూడు ముక్కల కాన్‌ఫ్లిక్ట్ రావాలి. రెండే వస్తే అడుగు 7. తీర్చేసి, కమిట్ చేసి, "గిట్ లాగ్" లో ప్రతి కమిట్ కింద మీ పేరే ఉందో లేదో చూసుకుని, రెండు ఫోల్డర్లూ డిలీట్ చేయండి.